ఆర్‌ఎస్‌ఐ 30 దగ్గర కొని 70 దగ్గర అమ్ముతుంటే డబ్బు ఎందుకు పోతోంది?

మీరు రాసి పంపినదాన్ని బట్టి మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2 లక్షలతో మొదలుపెట్టారు. డైలీ చార్టులో ఆర్‌ఎస్‌ఐ (షేరు ఊపును 0 నుంచి 100 మధ్య అంకెగా చూపే ఇండికేటర్) 30 కిందికి పోయి మళ్లీ పైకి తిరిగితే కొంటున్నారు, 70 దగ్గరికి రాగానే అమ్ముతున్నారు. ధైర్యం కోసం ఎంఏసీడీ, స్టొకాస్టిక్ అనే ఇంకో రెండు ఇండికేటర్లు కూడా పక్కన పెట్టుకుని, మూడూ ఒకే మాట చెబితేనే ఆర్డరు వేస్తున్నారు. అయిదు నెలల్లో 22 ట్రేడ్లు చేస్తే 38 వేలు పోయాయి. ఆర్‌ఎస్‌ఐ సెట్టింగు, అంటే ఎన్ని రోజుల ధరలు చూడాలన్నది, 14 తీసేసి 9 పెట్టాలా, 21 పెట్టాలా అని అడిగారు.

9 పెట్టినా 21 పెట్టినా ఫలితం పెద్దగా మారదు. తప్పు ఆ అంకెలో లేదు. షేరుకున్న ఊపును కొలిచే పనిముట్టును మీరు ఆ ఊపుకే ఎదురెళ్లడానికి వాడుతున్నారు. పడిపోతున్న షేరు చవకైందని కొంటున్నారు, పరుగందుకున్న షేరు ఖరీదైందని వదిలేస్తున్నారు. నేను 2005 నుంచి ఈ పని చేస్తున్నాను. మొదటి మూడేళ్లూ సరిగ్గా మీలాగే చేశాను. అందుకే మీ 22 ట్రేడ్లు చూడకుండానే అవి ఎలా నడిచుంటాయో ఊహించగలను.

ముందు ఆర్‌ఎస్‌ఐ అసలు ఏం లెక్కగడుతుందో చూడండి. వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ 1978లో దీన్ని బయటపెట్టాడు. గత 14 రోజుల్లో షేరు పెరిగిన రోజుల పెరుగుదల అంతా కూడి 14తో భాగిస్తే సగటు లాభం. తగ్గిన రోజుల తగ్గుదల కూడి 14తో భాగిస్తే సగటు నష్టం. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చినదాన్ని 0 నుంచి 100 మధ్యకు తెస్తే ఆర్‌ఎస్‌ఐ. సగటు లాభం 6 రూపాయలు, సగటు నష్టం 3 రూపాయలు అయితే ఆర్‌ఎస్‌ఐ సుమారు 67. సరిగ్గా 70 ఉందంటే సగటు లాభం సగటు నష్టానికి 2.33 రెట్లు ఉందని అర్థం. అంతే. షేరు ఖరీదైందనిగానీ, కొనేవాళ్లు అయిపోయారనిగానీ ఆ లెక్కలో ఎక్కడా లేదు. 'ఓవర్‌బాట్' (అతిగా కొనేశారు) అన్న పేరు మన బుర్రలో పడ్డాక 70 చూడగానే చెయ్యి అమ్మకం బటన్ మీదికి పోతుంది. నన్నడిగితే కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ పేరు చెప్పకపోవడమే మేలు. 70 అంటే ఈ 14 రోజులూ కొనేవాళ్లదే పైచేయి, 30 అంటే అమ్మేవాళ్లది పైచేయి. అలా చదవండి.

మన కళ్లముందు జరిగినదే తీసుకోండి. 2020 ఫిబ్రవరి 28న నిఫ్టీ ఒక్కరోజులో 3.7 శాతం పడి 11,201 దగ్గర ముగిసింది. డైలీ ఆర్‌ఎస్‌ఐ 30 కిందికి వచ్చేసింది. పుస్తకం ప్రకారం అది కొనాల్సిన చోటు. మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది. అంటే 'ఇక చాలా పడింది' అని ఆర్‌ఎస్‌ఐ చెప్పినట్టు అనిపించిన తర్వాత ఇంకో 32 శాతం. ఇటువైపు చూడండి. 2023 డిసెంబర్ 3న తెలంగాణ సహా నాలుగు రాష్ట్రాల అసెంబ్లీ ఫలితాలు వచ్చాయి. మర్నాడు నిఫ్టీ 418 పాయింట్లు పెరిగి 20,686 దగ్గర ముగిసింది, ఆర్‌ఎస్‌ఐ 70 దాటింది. ఆ రోజు అమ్మేసినవాళ్లు డిసెంబర్ 29న 21,731 చూశారు. మరో వెయ్యి పాయింట్లు వాళ్లకు అందలేదు.

దీనికి కారణం ఉంది. పెరుగుతున్న షేరులో ఆర్‌ఎస్‌ఐ మామూలుగా 40కీ 80కీ మధ్య తిరుగుతుంది, పడుతున్న షేరులో 20కీ 60కీ మధ్య. ఇది కచ్చితమైన గీత కాదు గానీ చాలా చార్టుల్లో కనిపిస్తుంది. దీన్నిబట్టి మీ పద్ధతిలో ఏం జరుగుతుందో ఆలోచించండి. బలమైన షేరు 30కి రాదు కాబట్టి దాన్ని మీరు ఎప్పటికీ కొనరు. 30కి వచ్చేవి ఎక్కువగా పడే దారిలో ఉన్న షేర్లే. అవి కాస్త లేచి 55, 58 దగ్గర మళ్లీ కిందికి తిరుగుతాయి. మీరు ఎదురుచూస్తున్న 70 రాదు. లాభంలో ఉన్నప్పుడు అమ్మరు, ఆ తర్వాత అమ్మబుద్ధి కాదు.

నాకు ఇది 2008లో బోధపడింది. జనవరి 21న సెన్సెక్స్ 1,408 పాయింట్లు పడింది. రెండు రోజుల తర్వాత ఒక ఇన్‌ఫ్రా కంపెనీ షేరు ఆర్‌ఎస్‌ఐ పాతిక దగ్గర కనబడితే ఇంతకంటే మంచి తరుణం దొరకదనుకుని కొన్నాను. వారంలో 9 శాతం లాభం. ఆర్‌ఎస్‌ఐ ఇంకా 50 దగ్గరే ఉంది కదా, 70 రానీ అని ఆగాను. 70 రాలేదు. అక్టోబర్ 27న నిఫ్టీ 2,252ను తాకిన నాటికి ఆ షేరు నేను కొన్న ధరలో అయిదో వంతుకు చేరింది. మా ఆవిడకు ఆ సంగతి చెప్పడానికి ఇంకో నెల పట్టింది.

ఇక మూడు ఇండికేటర్ల సంగతి. ఆర్‌ఎస్‌ఐ, స్టొకాస్టిక్, ఎంఏసీడీ మూడూ తయారయ్యేది ఒకే సరుకుతో, అంటే గడిచిన ధరలతో. స్టొకాస్టిక్‌కు ముగింపుతోపాటు ఆ రోజుల హై, లో (గరిష్ఠ, కనిష్ఠ ధరలు) కూడా కావాలి, అంతే తేడా. మూడూ ఒకే మాట చెప్పాయంటే ఒకే సాక్షిని మూడుసార్లు బోనెక్కించినట్టే, ముగ్గురు సాక్షులు దొరికినట్టు కాదు. పైగా మూడూ కలిసేదాకా ఆగితే కదలికలో సగం అయిపోతుంది. వేరే సాక్షి కావాలంటే వాల్యూమ్ (ఎన్ని షేర్లు చేతులు మారాయో) చూడండి, ఆ రంగంలోని మిగతా షేర్లు ఏం చేస్తున్నాయో చూడండి, నిఫ్టీతో పోలిస్తే మీ షేరు ఎలా ఉందో చూడండి. ఎంఏసీడీ చెడ్డదని కాదు. 12 రోజుల సగటులోంచి 26 రోజుల సగటు తీసేస్తే వచ్చేది ఆ గీత. దాని 9 రోజుల సగటే సిగ్నల్ లైన్. సగటు మీద సగటు కాబట్టి ఆలస్యంగా పలుకుతుంది. అది సున్నాకు పైనుందా కిందుందా అన్నది నాకు పనికొస్తుంది. షేరు ఒకే చోట అటూ ఇటూ ఊగుతున్నప్పుడు ఆ రెండు గీతలు కోసుకున్న ప్రతిసారీ కొంటే మాత్రం బ్రోకరే బాగుపడతాడు. ఇంకోటి, ఎంఏసీడీ రూపాయల్లో ఉంటుంది. 3,000 రూపాయల షేరులో 40 ఉన్నదాన్ని, 150 రూపాయల షేరులో 3 ఉన్నదానితో పోల్చకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొమెంటం, అంటే ఊపు, అనే ఒకే మాటతో మనం రెండు వేర్వేరు సంగతులు చెప్పుకుంటున్నాం. నరసింహన్ జగదీశ్, షెరిడాన్ టిట్‌మన్ 1993లో అమెరికా షేర్ల మీద చేసిన పరిశోధన ఈ రంగంలో పేరున్నది. గత 3 నుంచి 12 నెలల్లో మిగతావాటికంటే బాగా పెరిగిన షేర్లు తర్వాతి కొన్ని నెలల్లో కూడా మిగతావాటికంటే బాగానే చేశాయని వాళ్లు చూపించారు. అదే జగదీశ్ అంతకు మూడేళ్ల ముందు, 1990లో, ఇంకోటి చూపించాడు. ఒక్క నెల లెక్కలో చూస్తే సంగతి తిరగబడుతుంది. గత నెల బాగా పెరిగినవి తర్వాతి నెల వెనకబడతాయి, పడినవి కోలుకుంటాయి. రెండూ నిజమే. నెలల లెక్కలో ఊపు కొనసాగుతుంది, నెల లోపు రోజుల లెక్కలో వెనక్కి గుంజుతుంది. మన ఎన్‌ఎస్‌ఈ నడిపే నిఫ్టీ 200 మొమెంటం 30 సూచీ కూడా 6 నెలల, 12 నెలల రాబడులనే, ఒడుదొడుకులకు సరిచేసి, లెక్కలోకి తీసుకుంటుంది. గత వారం పరుగును కాదు.

స్వల్పకాలిక ట్రేడింగులో ఈ రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడాలి. ఏ షేరు అన్నది నెలల ఊపు చెప్పాలి. ఎప్పుడు అన్నది రోజుల వెనకడుగు చెప్పాలి. మీరు ఆ రెంటినీ ఒకే డైలీ ఆర్‌ఎస్‌ఐతో, పైగా తలకిందులుగా అడుగుతున్నారు. నేను పదిహేనేళ్లుగా చేస్తున్నది ఇంతే, దీనికి మించి రహస్యమేమీ లేదు.

ఆదివారం పూట ఓ గంట కూర్చుంటాను. నిఫ్టీ 200 సూచీలో ఉన్న 200 పెద్ద షేర్లకే పరిమితం, ఎందుకంటే అందులో ఎప్పుడు అమ్మాలన్నా కొనేవాడు ఉంటాడు. ముందు నిఫ్టీ తన 50 రోజుల సగటు (గత 50 రోజుల ముగింపుల సగటు) పైన ఉందా అని చూస్తాను. కింద ఉంటే ఆ వారం కొత్త ట్రేడ్లు సగానికి తగ్గిస్తాను, 200 రోజుల సగటు కింద కూడా ఉంటే అసలు చెయ్యను. ఆ తర్వాత ఆరు నెలల్లో నిఫ్టీకంటే ఎక్కువ పెరిగి, వీక్లీ ఆర్‌ఎస్‌ఐ (వారాల చార్టులో చూసే ఆర్‌ఎస్‌ఐ) 60 పైన ఉన్నవి ఏరుతాను. సాధారణంగా ఒక ముప్పై వస్తాయి. అన్నీ ఒకే రంగానివైతే అందులోంచి రెండు మూడే ఉంచుతాను.

వారంలో ప్రతి రాత్రి ఆ జాబితానే చూస్తాను. అందులో డైలీ ఆర్‌ఎస్‌ఐ 70 నుంచి దిగి 40కీ 50కీ మధ్యకు వచ్చిందేదైనా ఉందా? ధర 20 రోజుల సగటు దగ్గరికి వచ్చిందా? దిగిన రోజుల్లో వాల్యూమ్ తగ్గుతూ వచ్చిందా? ఈ మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. తక్కువ వాల్యూమ్‌తో దిగిందంటే కొద్దిమంది లాభాలు తీసుకుంటున్నారు, పెద్దవాళ్లు కదలలేదు. భారీ వాల్యూమ్‌తో దిగితే ఆర్‌ఎస్‌ఐ ఎంత అందంగా 45 దగ్గర నిలబడినా జోలికి వెళ్లను. అన్నీ కుదిరినా వెంటనే కొనను. ఆ షేరు ముందురోజు హైని దాటిన రోజే కొంటాను. దాటకుండా ఇంకా కిందికి పోతే నా డబ్బు నా దగ్గరే ఉంటుంది. ఆర్‌ఎస్‌ఐ 40 కిందికి జారి అక్కడే రెండు మూడు రోజులు ఉంటే జాబితాలోంచి కొట్టేస్తాను.

లెక్క వేసి చూపిస్తాను, అంకెలు ఊహించినవే. షేరు 668 దాకా వెళ్లి 618కి దిగింది, ఆర్‌ఎస్‌ఐ 72 నుంచి 46కు వచ్చింది, 20 రోజుల సగటు 612. ముందురోజు హై 627. నేను 628కి కొంటాను. 612 కింద కాస్త జాగా వదిలి 606 దగ్గర స్టాప్ లాస్, అంటే ధర అక్కడికి పడితే అమ్మేసే ఆర్డరు. షేరుకు 22 రూపాయల రిస్కు. మీ దగ్గర మిగిలింది 1,62,000. ఒక ట్రేడులో అందులో 1 శాతం, అంటే 1,620 మించి పోగొట్టుకోకూడదు. 1,620ని 22తో భాగిస్తే 73 షేర్లు. పెట్టుబడి 45,844. ఎన్ని షేర్లు కొనాలో చెప్పాల్సింది ఈ లెక్కే గానీ, ఖాతాలో కొనడానికి ఎంత నగదు ఉందన్నది కాదు. పాత హై 668కి వెళితే షేరుకు 40 రూపాయలు, అంటే రిస్కుకు 1.8 రెట్లు. అది ఒకటిన్నర రెట్లకన్నా తక్కువ వచ్చేలా ఉంటే ఆ ట్రేడు నేను వదిలేస్తాను.

668 దగ్గర సగం అమ్మి, మిగతా సగానికి స్టాప్‌ను కొన్న ధరకు జరుపుతాను. ఆ సగాన్ని 10 రోజుల సగటు కింద ముగిసేదాకా ఉంచుతాను. అప్పుడు ఆర్‌ఎస్‌ఐ 78 అయినా 82 అయినా నాకు సంబంధం లేదు. ఏడాదిలో వచ్చే లాభంలో ఎక్కువ భాగం ఇలా ఉంచుకున్న నాలుగైదు సగాల నుంచే వస్తుంది. మీరు 70 దగ్గర వదిలేస్తున్నది సరిగ్గా దాన్నే. ఒకవేళ కొన్నాక ఎనిమిది సెషన్లు (ట్రేడింగ్ రోజులు) గడిచినా షేరు ఎటూ కదలకపోతే బయటికి వచ్చేస్తాను. ఊపు ఉందని కొన్నాం, అది కనబడనప్పుడు అక్కడ ఉండటానికి కారణం పోయినట్టే.

స్టాప్ ఎక్కడ పెట్టాలో తెలియకపోతే ఏటీఆర్ చూడండి, అదీ వైల్డర్ ఇచ్చిందే. షేరు రోజుకు సగటున ఎన్ని రూపాయలు ఊగుతుందో చెబుతుంది. దానికి ఒకటిన్నర నుంచి రెండింతల దూరం ఉంటే మామూలు ఊగిసలాటకు స్టాప్ కొట్టదు. రోజుకు 15 రూపాయలు ఊగే షేరుకు 8 రూపాయల స్టాప్ పెట్టి 'నేను అమ్మాకే పెరిగింది' అని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

అయితే స్టాప్ పెట్టాం కదా అని పూర్తి భరోసా వద్దు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగబాకి 23,263 దగ్గర ముగిసింది. ఊపును కొలిచే ఇండికేటర్లన్నీ పైకే చూశాయి. మర్నాడు ఫలితాలొస్తుంటే 5.9 శాతం పడి 21,884కి వచ్చింది. జూన్ 7కల్లా మళ్లీ 23,290. జూన్ 3న పైచూపు చూసి కొన్నవాడు మర్నాడు స్టాప్‌లో నష్టంతో బయటపడ్డాడు, మూడు సెషన్లలో సూచీ మళ్లీ అక్కడికే వెళ్లింది. ఇలాంటి రోజున గడిచిన 14 రోజుల సగటుకు చెప్పడానికేమీ ఉండదు. ఎన్నికల ఫలితాలు, బడ్జెట్, ఆ కంపెనీ త్రైమాసిక ఫలితాల ముందు నేను కొత్తగా కొనను, ఉన్నది సగం చేస్తాను. కంపెనీ బోర్డు మీటింగ్ తేదీ ఎక్స్‌ఛేంజ్ సైట్లో ముందే పెడుతుంది, చూడటానికి అర నిమిషం చాలు. మీ 22 ట్రేడ్లలో ఎన్ని ఫలితాల వారంలో పడ్డాయో ఒకసారి చూసుకోండి.

చిన్న షేర్ల విషయం కూడా చెప్పాలి. రోజూ 5 శాతం అప్పర్ సర్క్యూట్ (ఒక రోజులో పెరగనిచ్చే హద్దు) కొడుతున్న షేరుకు ఆర్‌ఎస్‌ఐ 95 దాకా వెళుతుంది, ఎంఏసీడీ నిట్టనిలువుగా లేస్తుంది. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఆ చార్టులే తిరుగుతుంటాయి. దిగడం మొదలయ్యాక అది లోయర్ సర్క్యూట్లలో (తగ్గనిచ్చే హద్దు దాకా) దిగుతుంది, మీ అమ్మకం ఆర్డరు వరసలో అలాగే ఉండిపోతుంది. కొనేవాడే లేని చోట స్టాప్ లాస్ పనిచెయ్యదు. దయచేసి వాటి దరిదాపులకు వెళ్లకండి. అలాగే బోనస్, స్ప్లిట్ అయిన షేరులో మీ యాప్ పాత ధరలను సరిచేసిందో లేదో చూడండి. 1:1 బోనస్ (ఒక షేరుకు ఇంకో షేరు ఉచితం) వస్తే ధర సగమవుతుంది. సరిచెయ్యని చార్టులో ఆర్‌ఎస్‌ఐ ఒక్కరోజులో అడుగంటినట్టు కనిపిస్తుంది, అది ఉత్తిదే.

ఖర్చులు తేలిగ్గా తీసుకోకండి. పై ఉదాహరణలో కొన్నప్పుడు, అమ్మినప్పుడు 0.1 శాతం చొప్పున ఒక్క ఎస్‌టీటీయే (షేర్ల లావాదేవీల పన్ను) 95 రూపాయలు. దాని మీద స్టాంప్ డ్యూటీ, ఎక్స్‌ఛేంజ్ చార్జీలు, జీఎస్‌టీ, అమ్మినప్పుడు డీపీ చార్జీ (డీమ్యాట్ ఖాతాలోంచి షేర్లు తీసినందుకు). లాభం మీద 2024 జులై 23 నుంచి స్వల్పకాలిక పన్ను 15 నుంచి 20 శాతమైంది. ఏడాదిలో యాభై ట్రేడ్లు చేసేవాళ్లకు, నూట యాభై చేసేవాళ్లకు మధ్య తేడా ఇక్కడే తెలుస్తుంది.

చివర్లో ఇంట్రాడేకు (కొన్న రోజే అమ్మేసే ట్రేడింగు), ఆప్షన్లకు మారితే నష్టం త్వరగా పూడుతుందా అని కూడా అడిగారు. ఈ మాట నన్ను కలవరపెట్టింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కల ప్రకారం 2022-23లో క్యాష్ మార్కెట్లో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో నష్టపోయినవాళ్లు 93 శాతం, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్లకు పైన. 5 నిమిషాల చార్టులో కూడా ఆర్‌ఎస్‌ఐ అదే ఆర్‌ఎస్‌ఐ. కాకపోతే అక్కడ ఊపుకన్నా చప్పుడే ఎక్కువ, ఉద్యోగం చేసుకుంటూ దాన్ని చూడటం మీవల్ల కాదు. 38 వేలు పూడాలంటే మిగిలిన 1,62,000 మీద 23.5 శాతం రావాలి. నిదానంగా అయితే అది సాధ్యమే. తొందరపడి ఆప్షన్లలోకి వెళితే ఆ 1,62,000 కూడా చేతిలో ఉండదు. మీ అబ్బాయి స్కూలు ఫీజు డబ్బు ఇందులో ఉందన్నారు కదా, దాన్ని ఇవాళే బయటికి తీసి బ్యాంకులో వేసెయ్యండి. మిగిలినదాంట్లో 1 శాతం ఎంతో మళ్లీ లెక్కగట్టుకోండి.

రాబోయే నెల కొత్త ట్రేడు ఏదీ వెయ్యకండి. మీ 22 ట్రేడ్లను ఒక నోట్‌బుక్కులో రాయండి: కొన్న తేదీ, ఆ వారం వీక్లీ ఆర్‌ఎస్‌ఐ ఎంత, నిఫ్టీ 50 రోజుల సగటుకు పైనా కిందా, షేరు తన 200 రోజుల సగటుకు పైనా కిందా, అమ్మిన తర్వాతి పది సెషన్లలో ఎక్కడిదాకా వెళ్లింది. వీక్లీ ఆర్‌ఎస్‌ఐ 40 కింద ఉండగా కొన్నవి ఒక పక్కకు, 50 పైన ఉండగా కొన్నవి ఇంకో పక్కకు పెట్టి రెండింటి నష్టమూ విడివిడిగా కూడండి. ఆ రెండు మొత్తాలూ నాకు రాయండి. వాటిని చూశాక మీ స్టాప్‌ల సంగతి మాట్లాడుకుందాం.